మామకు ముందే ఒక దండం

మా ల్యాబ్‌లో రోజూ ఒక మనిషి గుండె ఆగుతుంది. పొద్దున హాజరు తీసుకున్నాక ఒకసారి, మధ్యాహ్నం టీ తర్వాత ఇంకోసారి. ఆపేది నేనే. రిమోట్ నా జేబులో ఉంటుంది. దాంట్లో బ్యాటరీ అయిపోయిన రోజు ఎవరూ చావరు, ఎవరూ బతకరు. అందరం కూర్చుని థియరీ చదువుకుంటాం.

ఖమ్మంలో ఒక కాలేజీలో రెస్పిరేటరీ థెరపీ చదివే పిల్లలకు నేను ట్యూటర్ని. ఆక్సిజన్, వెంటిలేటర్, గొంతులో వేసే గొట్టం, మొత్తానికి ఊపిరికి సంబంధించిన పని. మా తల్లాడలో ఈ ఉద్యోగమేమిటో ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు. "డాక్టర్ల పక్కన ఉంటడు" అని మా అమ్మ చుట్టాలకు చెబుతుంది. పంక్చర్ షాపు నడిపే మా చిన్నాయన మాత్రం "గాలి కొట్టే పని. మనదే" అంటాడు. రెండింటిలో చిన్నాయన మాటే నిజానికి దగ్గర.

చివరి సంవత్సరం పిల్లలకు ఒక గండం ఉంటుంది. ఆగిపోయిన గుండెను, ఊపిరిని మళ్లీ ఎలా నడిపించాలో చేసి చూపించే పరీక్ష. బయటి నుంచి ఒక డాక్టర్ గారు వచ్చి పెడతారు. ముగ్గురు కలిసి ఒక టీమ్. ఒకరు రొమ్ము మీద నొక్కాలి, ఒకరు తల దగ్గర నిలబడి బ్యాగుతో గాలి ఇవ్వాలి, ఒకరు లీడరుగా ఉండి ఎవరేం చెయ్యాలో చెప్పాలి. నొక్కేవాళ్లు తొందరగా అలిసిపోతారు కాబట్టి వంతులు మారుతుండాలి. ఉన్నది ముగ్గురే కాబట్టి లీడరుకు కూడా వంతు తప్పదు.

వినడానికి ఇది సినిమా క్లైమాక్స్‌లా ఉంటుంది. పిల్లలు కూడా సినిమాలు చూసే వస్తారు. మొదటి క్లాసులో "గుండె ఆగింది, ఏం చేస్తారు?" అని అడిగితే ఒకడు పిడికిలి బిగించి ప్రాక్టీసుకు పెట్టిన ప్లాస్టిక్ బొమ్మ రొమ్ము మీద ఒక్కటి గుద్ది "లేవు!" అని అరిచాడు. బొమ్మ లేవలేదు. లోపలి స్ప్రింగు లేచింది. రిపేరుకు హైదరాబాద్ పంపాల్సి వచ్చింది. అసలు పని అంత అందంగా ఉండదని నమ్మించడమే నా ఉద్యోగంలో సగం. చేతులు వంచకుండా, గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండటమే. పిండి రుబ్బినట్టుంటుంది, కాకపోతే చివర్న దోసెలు ఉండవు.

అన్నిటికన్నా ముఖ్యం ఆపకపోవడం. నొక్కినంతసేపే మెదడుకు రక్తం పోతుంది. మా బొమ్మ పక్కన ఒక చిన్న పెట్టె ఉంటుంది. సరిగా నొక్కుతుంటే పచ్చలైటు, చేతులు తీస్తే ఎర్రలైటు. ఎర్రలైటు పది సెకన్లు దాటిందంటే లీడరు పరీక్ష పోయినట్టే.

ఇంకో నియమం ఉంది. లీడరు చెప్పిన మాటను విన్నవాళ్లు పైకి తిరిగి చెప్పాలి. "మందు ఇవ్వు" అంటే "మందు ఇస్తున్నా" అనాలి. లేకపోతే ఆ గందరగోళంలో ఎవరు విన్నారో, ఎవరు వినలేదో తెలియదు. చండ్రుగొండ నుంచి వచ్చే ఒక పిల్లాడు దీన్ని మరీ ఒంటబట్టించుకున్నాడు. క్యాంటీన్‌లో కూడా అదే వరస.

"అన్నా, రెండు చాయ్ ఇయ్యి."

"ఆఁ."

"ఆఁ అంటె కుదరదన్నా. రెండు చాయ్ ఇస్తున్న అనాలె. లేకుంటె నువ్వు విన్నట్టు నాకెట్ల తెల్వాలె?"

"పైసల్ తీస్తున్న అని ముందు నువ్వను, వింటా" అన్నాడు క్యాంటీన్ ఆయన.

బొమ్మకు పిల్లలు పెట్టుకున్న పేరు మామ. ఎప్పటి బ్యాచ్ పెట్టిందో తెలియదు, నేను చేరేసరికే ఆయన మామ. నిలువెత్తు ప్లాస్టిక్ మనిషి. ఒక కన్ను సగమే మూతపడుతుంది, అందుకని చచ్చిపోయినా మనల్ని గమనిస్తున్నట్టే ఉంటాడు. ఆయన పడుకునే మంచం వార్డులో పనికిరాదని మాకిచ్చింది. ఎత్తు తగ్గించే హ్యాండిల్ తుప్పు పట్టి అన్నిటికన్నా పైనే బిగుసుకుపోయింది. కొత్త మంచం కావాలని రాసిచ్చాం. ఆ కాగితం కూడా ఎక్కడో బిగుసుకుపోయింది. ఒక స్టూలు ఉండేది. దాని మీద నుంచి ఒకమ్మాయి పడ్డాక ల్యాబ్ ఇన్‌ఛార్జి సిస్టర్ దాన్ని వాడనివ్వడం మానేసింది. ఇప్పుడు దాని మీద ఆమె టిఫిన్ డబ్బా ఉంటుంది. అందువల్ల మామను బతికించాలంటే మంచమెక్కి ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే.

కథంతా ఈ ఎక్కడం దగ్గరే వచ్చింది.

దమ్మపేట అవతల ఒక తండా నుంచి వచ్చే అమ్మాయి ఉండేది. క్లాసులో అందరికన్నా పొట్టి. అందరికన్నా బాగా నొక్కేది కూడా ఆమే. ఆమె నొక్కుతుంటే పచ్చలైటు మెరవడం మానేసి స్థిరంగా వెలిగేది. పెట్టె పాడైందేమోనని ఒకసారి విప్పి చూశాను కూడా. కానీ ఆమె మంచం ఎక్కిన ప్రతిసారీ కాలు మామ చేతికి తగిలేది. తగలగానే ఆగి, వంగి, మామ చెయ్యి ముట్టుకుని, కళ్లకద్దుకుని, అప్పుడు నొక్కడం మొదలుపెట్టేది. వంతు పూర్తయి దిగేటప్పుడు మళ్లీ తగిలేది. మళ్లీ దండం. ఈలోగా ఎర్రలైటు.

కాలు తగిలితే అట్లా చెయ్యమని మనకెవరూ కూర్చోబెట్టి నేర్పరు. బస్సులో పక్కవాడికి కాలు తగిలినా, కింద పడ్డ పుస్తకం తగిలినా చెయ్యి దానంతటదే లేస్తుంది. మిగతా పిల్లలు కూడా మొదట్లో చేశారు, కేకలేస్తే తగ్గించుకున్నారు. ఈ అమ్మాయికి మాత్రం తగ్గలేదు.

"ఏమ్మా, అది ప్లాస్టిక్" అన్నాను.

"తెలుసు సార్."

"తెలిస్తే మరి?"

"నాకు తెలుసు సార్. కాలుకు తెల్వదు."

సిస్టర్‌ది మధిర వైపు. ఐసీయూలో ఏళ్ల తరబడి చేసి, మోకాళ్ల నొప్పులని ల్యాబ్‌కు మారింది. ఆమె బాధ వేరే.

"దండం పెడితే పెట్టావు గానీ తల్లీ, ఆ గ్లౌజు కళ్లకు రాసుకుంటున్నావేంటి? వార్డులో అయితే దాని మీద నెత్తురుంటది, కఫం ఉంటది. నీకు పాపం అంటదేమో గానీ రోగం అంటుద్ది."

"చెయ్యి ఆగుతలేదు సిస్టర్."

"లోపల మొక్కుకో."

"లోపల మొక్కినా చెయ్యి ఊకుంటలేదు."

చండ్రుగొండ పిల్లాడు కిటికీ దగ్గర నుంచి అందుకున్నాడు. "రెండో దిక్కు నుంచి ఎక్కుమనుండ్రి సార్."

"ఆ దిక్కు కూడా చెయ్యి ఉంటది కదరా" అంది ఆ అమ్మాయి.

"అవ్ సార్. మామకు రెండు చేతులు పెట్టిండ్రు. కంపెనోళ్ల తప్పు."

ఇది నవ్వుకుని వదిలేసే విషయమే, ఒక్కటి తప్ప. భద్రాచలంలో ఒక ప్రైవేటు దవాఖానాలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. ఈ పరీక్ష పాసైన సర్టిఫికెట్ పట్టుకుని నెలాఖరులోపు వెళ్లి చేరాలి. పరీక్ష పోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. మళ్లీ పరీక్ష వచ్చేదాకా ఆగి, తర్వాత హైదరాబాద్ బస్సెక్కడమే. ఆమెకు హైదరాబాద్ పేరెత్తితే చాలు ముఖం మాడిపోయేది. ఒకరోజు కారణం అడిగాను. కళ్లు తుడుచుకోవాల్సిన కథ ఏదో వస్తుందని సిద్ధపడి మరీ అడిగాను.

"హాస్టల్ నీళ్లు పడవు సార్. జుట్టు ఊడుతది."

"అంతేనా?"

"మీ జుట్టు కాదు కాబట్టి అంతేనా అంటరు."

కాసేపు బ్యాగు గొట్టాలు తుడిచి, అదే గొంతుతో మళ్లీ అంది. "ఇంకోటి సార్. మా దిక్కు అడవి లోపటి ఊర్లోళ్లకు ఊపిరాడకుంటె బండి మీద కూసోబెట్టుకొని భద్రాచలం తెస్తరు. ఆడ గొట్టం ఏసెటోళ్లు లేకుంటె ఖమ్మం పొమ్మంటరు. తొవ్వలనే అయిపోతరు. ఆడ ఒకరుండాలె కదా." జుట్టు గురించి చెప్పినంత మామూలుగానే చెప్పి, గొట్టాలు ఆరబెట్టడానికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత నేను కొంచెం గట్టిగానే పట్టించుకున్నాను. మామ చేతులు రెండూ ఒంటికి ఆనించి బ్యాండేజీతో చుట్టేశాం. అంతా బాగానే ఉంది. మందు ఎక్కించే సూది చేతికే కదా, అది పెట్టడానికి మళ్లీ విప్పాల్సి వచ్చింది. ఆమెకు సాక్సుల మీద సాక్సులు వేయించాం, స్పర్శ తెలియకుండా. ఎక్కుతూ జారి మామ మీదే పడింది. లేచి, ఒక్క చెయ్యి సరిపోదనుకుందో ఏమో, పాదాలు రెండూ ముట్టుకుని మొక్కింది. చండ్రుగొండ పిల్లాడు నేల మీద కూర్చుండిపోయి నవ్వాడు.

"నవ్వకురా! పరీక్షల నా టీమే నువ్వు. నేను లీడర్ ఉన్నప్పుడు ఎర్రలైట్ వస్తె నేను పోవుడే" అంది ఆమె.

వాడు నవ్వు ఆపాడు. ఆపి, "ఒకటికి పోతవా, రెంటికి పోతవా?" అని అడిగి ఒక దెబ్బ తిన్నాడు.

దారి ఆమే కనిపెట్టింది. కనిపెట్టడం అనేది పెద్ద మాట, వాళ్లింట్లో ఉన్నదే. ఒక సోమవారం తండా నుంచి రాగానే చెప్పింది. వాళ్ల తాత మంచం గోడకు ఆనించి ఉంటుందట. ఆ గోడకే దోమతెర కట్టే మేకు. రోజూ వాళ్లమ్మ ఆ మంచమెక్కి, తాతను దాటుకుని కట్టాలి.

"ఎక్కేముందే మా అమ్మ తాత కాళ్లకు ఒక్కసారి మొక్కుతది సార్. ఇగ తర్వాత ఎన్నిసార్లు తగిలినా పట్టించుకోదు. తాత కూడా ఏమనడు."

"అంటే ముందే రీఛార్జి చేసుకున్నట్టు."

"గట్లనే అనుకోండ్రి."

"మరి ఇన్నాళ్లూ ఈ ముక్క ఎందుకు చెప్పలేదు?"

"నాకు మాత్రం యాదికొచ్చిందా సార్? నిన్న దోమలు బాగా ఉండె."

సిస్టర్ ఒక షరతు పెట్టింది. మొక్కడం గ్లౌజులు వేసుకోకముందే అయిపోవాలి, తర్వాత చేతులు శుభ్రం చేసుకుని గ్లౌజులు వేసుకోవాలి. ఆ అమ్మాయి ఒప్పుకుంది. మామ చెయ్యి ముట్టుకుని కళ్లకద్దుకుంది, చేతులకు మందు రాసుకుంది, గ్లౌజులు తొడుక్కుంది, ఎక్కింది. కాలు తగిలింది. నేను ఎర్రలైటు కోసం చూస్తున్నాను. రాలేదు. ఆమె నొక్కుతూనే ఉంది. దిగింది, మళ్లీ తగిలింది, ఏమీ లేదు.

చండ్రుగొండ పిల్లాడికి ఇది నచ్చలేదు. "నాకు ఇసుంటివి అక్కర్లేదు. నేను కాలు చూసుకొని పెడ్త" అన్నాడు.

"చూసుకో మరి" అంది ఆమె.

పరీక్ష రోజు వచ్చిన డాక్టర్ గారు నవ్వని మనిషి. మంచిచెడ్డలు అడిగితే "ఫైన్" అన్నారు, టీ తాగుతారా అంటే "లేటర్" అన్నారు. రిమోట్ పట్టుకుని మూలన నిలబడటం నా పని. ఆయన వేలు చూపిస్తే మీట నొక్కాలి. నోరు విప్పకూడదు. నన్ను ఎరిగినవాళ్లు ఇదే పెద్ద పరీక్ష అన్నారు.

ఆ అమ్మాయి లీడరుగా, చండ్రుగొండ పిల్లాడు, తల దగ్గర బ్యాగు పట్టుకుని ఖమ్మం టౌన్ అమ్మాయి ఒకరు, ముగ్గురూ లోపలికి వచ్చారు. డాక్టర్ గారు కాగితం తీసి కేసు చదవబోతున్నారు. ఆమె తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి మామ చెయ్యి ముట్టుకుని కళ్లకద్దుకుంది.

డాక్టర్ గారు కళ్లజోడు మీద నుంచి చూశారు. "నేనింకా కేసే చెప్పలేదు. పేషెంట్‌ని ఎందుకు ముట్టుకున్నారు?"

"పర్మిషన్ తీసుకున్న సార్."

"అతనికి స్పృహ లేదు."

"అవ్ సార్. తర్వాత అడగనీకి టైముండది."

ఆయన పెన్ను తీసి ఏదో రాసుకున్నారు. చాలాసేపు రాశారు. ఆమె చేతులకు మందు రాసుకుని గ్లౌజులు వేసుకుంది.

కేసు మామూలుదే. మిరప తోటలో పని చేస్తూ పడిపోయిన మనిషి. డాక్టర్ గారి వేలు లేచింది, నేను మామ గుండె ఆపాను. ఆమె మామ భుజాలు తట్టి "మామా! మామా!" అని పిలిచింది, మెడ దగ్గర నాడి చూసింది, లేదని చెప్పి మంచమెక్కింది. కాలు తగిలింది. నాకు కనిపించింది. ఆమె చేతులు మామ రొమ్ము మీదే ఉన్నాయి. పచ్చలైటు.

మానిటర్ తెర మీద గీతలు గజిబిజిగా మారాయి, అంటే కరెంటు షాక్ ఇవ్వాలి. "అందరు జరుగుండ్రి" అంటూ తనూ దిగింది. దిగేటప్పుడు కూడా తగిలింది. షాక్ ఇచ్చింది. "ఇప్పుడు నువ్వు నొక్కు" అని చండ్రుగొండ పిల్లాడికి చెప్పింది.

"నేను నొక్కుతున్న" అని తిరిగి చెప్పి వాడు మంచమెక్కాడు. కాలు చూసుకునే పెట్టాడు. చూసుకుని మరీ మామ అరచేతిలో పెట్టాడు.

వాడు ఆగిపోయాడు. "అయ్యో" అని వంగి మామ చెయ్యి పట్టుకున్నాడు. ఎర్రలైటు.

"నొక్కురా!"

"కాలు తగిలిందే..." చెయ్యి కళ్ల దాకా పోతోంది. సిస్టర్ గోడ దగ్గర కళ్లు మూసుకుంది. నా చేతిలో రిమోట్ ఉంది, దాంతో గుండెను ఆపొచ్చు, నడిపించొచ్చు, చండ్రుగొండ పిల్లాణ్ని ఏమీ చెయ్యలేను.

"అందరి తరఫున నేను ముందే మొక్కిన! నువ్వు నొక్కు!" అని అరిచింది ఆమె. తండా నుంచి వచ్చి మూడేళ్లు మెల్లగా మాట్లాడిన అమ్మాయి గొంతు బయట వరండాలో వంతు కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు కూడా వినిపించిందట.

నియమం ఒంటబట్టిన మనిషి కదా, వాడి నోరు ముందు కదిలింది. "అందరి తరఫున నువ్వు మొక్కినవ్, నేను నొక్కుతున్న!"

పచ్చలైటు.

తల దగ్గర టౌన్ అమ్మాయి భుజాలు ఊగుతున్నాయి గానీ బ్యాగు పిండటం మాత్రం తప్పలేదు. డాక్టర్ గారు నావైపు చూశారు. రిమోట్ మీద చదవాల్సింది చాలా ఉన్నట్టు నేను రిమోట్ వైపు చూశాను. ఆ తర్వాత మందు ఇచ్చారు, ఇంకో షాక్ ఇచ్చారు, డాక్టర్ గారి వేలు లేచింది, మామ బతికాడు. సగం మూసిన కన్ను అట్లాగే ఉంది.

డాక్టర్ గారు ముగ్గుర్నీ వరసగా నిలబెట్టి కాగితం చూస్తూ చెప్పారు. కేసు మొదలవకముందే గ్లౌజులు లేకుండా పేషెంట్‌ని ముట్టుకున్నందుకు మార్కులు తీశారు. అంతసేపు రాసింది అదే. ఒకచోట నొక్కడం ఆగింది, పది సెకన్ల లోపలే మొదలైంది. లీడరు వెంటనే గుర్తించింది, స్పష్టంగా చెప్పింది.

"విన్నతను తిరిగి చెప్పాడు కూడా" అని చండ్రుగొండ పిల్లాడి వైపు చూశారు. "ఏం చెప్పాడో నాకు అర్థం కాలేదు. కానీ పూర్తిగా చెప్పాడు. పాస్."

బయటికి వచ్చాక ఆమె ఏడుస్తుందని సిస్టర్ బ్యాగులో దస్తీ వెతుకుతోంది. ఆమె నా దగ్గరికి వచ్చి, "సార్, దమ్మపేట బస్సు ఎన్నింటికి?" అని అడిగింది. చండ్రుగొండ పిల్లాడు ల్యాబ్‌లోకి తిరిగి వెళ్లి, ఎవరూ లేరనుకుని, మామకు బాకీ ఉన్న దండం పెట్టి వచ్చాడు. కిటికీలోంచి అందరం చూశాం.

భద్రాచలంలో చేరిన కొన్నాళ్లకు ఆమె ఫోన్ చేసింది. వెనకాల ఎవరితోనో తమ తండా భాషలో ఏదో చెప్పి, నాతో మాట్లాడింది.

"కేసు వచ్చింది సార్. గుండె ఆగినాయన. లోపటి ఊరు."

"ప్రాణం వచ్చిందా మళ్ల?"

"రాలే సార్. బాగా ఆలస్యంగ తెచ్చిండ్రు. చేసినం, చేసినం, రాలే. నిన్న ఇంకొకాయన వచ్చిండు. ఆయన బతికిండు. పొద్దున ఇడ్లీ కావాలన్నడు."

"దండం పెట్టినవా?"

"ఇద్దరికీ పెట్టిన."

"కాలు తగిలిందా?"

"యాడ సార్. ఈడ మంచాలు బటన్ నొక్కితె కిందికి దిగుతయి. ఎక్కే పనే లేదు."

ఫోన్ పెట్టేశాక మా మంచం దగ్గరికి వెళ్లి హ్యాండిల్ మరోసారి తిప్పి చూశాను. కదల్లేదు. లోపల కొత్త బ్యాచ్ వాళ్లు గ్లౌజులకు ముందు వరసగా మామ చెయ్యి ముట్టుకుంటున్నారు. ఎందుకో వాళ్లకు తెలియదు. పాఠంలో ఉందనుకుంటున్నారు.